గూఢచారి రేడియో సెట్టు కొనే ముందు, కొన్నాక: ప్లగ్గు పెట్టేదాకా చేయాల్సినవన్నీ

రెండో ప్రపంచ యుద్ధం నాటి స్పై రేడియో ఒకటి అమ్మకానికి ఉందంటూ ఫోటోలు పంపి, "కొనొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. బ్రిటన్, అమెరికాల్లో ఉన్న మనవాళ్లు అడుగుతున్నారు, ఇక్కడ ఇండియాలో ఉన్న హామ్‌లూ (లైసెన్సుతో సరదాకు రేడియో నడిపే ఔత్సాహికులు) అడుగుతున్నారు. అందరూ అడిగేవి మూడే: పనిచేస్తుందా, ఇంటికి తెచ్చుకోవచ్చా, అసలుదేనా. ఈ మూడింటినీ తిరగేసి అడగాలి. అసలుదేనా అన్నది మొదట తేలాలి, తర్వాత చట్టం. పనిచేస్తుందా అన్నది అన్నిటికన్నా చివర. పనిచేయని సెట్టును ఎప్పటికైనా పని చేయించొచ్చు. ఎవరో డ్రిల్లు పెట్టి చిల్లులు కొట్టి, రంగు పూసి, లోపల సగం మార్చేసిన సెట్టును మాత్రం 1943 నాటి స్థితికి తేవడం ఎవరివల్లా కాదు.

దగ్గర ఉండాల్సినవి

- మంచి టార్చి, 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఫోటోలకు ఫోను
- మల్టీమీటర్, వీలైతే 250 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి లీకును పట్టే మీటర్)
- సిరీస్ బోర్డు (బల్బు హోల్డరు, ప్లగ్ పాయింటు సిరీస్‌లో ఉన్నది), దానికి 40, 60, 100 వాట్ల ఫిలమెంటు బల్బులు. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు
- స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవర్లు, బ్రిటిష్ సెట్లకైతే బీఏ సైజు (ఆనాటి బ్రిటిష్ చిన్న మరల కొలత) స్పానర్లు
- మెత్తటి బ్రష్షు, నూలు గ్లవుజులు
- ఆ మోడల్ సర్క్యూట్ డయాగ్రామ్
- గట్టి అట్ట ఉన్న నోటుబుక్కు

1. ఏ సెట్టు వెతుకుతున్నారో తేల్చుకోండి

"స్పై రేడియో ఏదైనా పర్లేదు" అనుకుని బయల్దేరితే డబ్బు పోతుంది. ఒక మోడల్ ఎంచుకుని దాని గురించి పూర్తిగా తెలుసుకోండి. ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

ఎంసీఆర్-1. ఇది రిసీవర్ మాత్రమే. హంట్లీ అండ్ పామర్స్ బిస్కెట్ డబ్బాల్లో పెట్టి ఆక్రమిత ఐరోపాలోకి పంపేవారు కాబట్టి 'బిస్కెట్ రిసీవర్' అన్న పేరొచ్చింది. సుమారు 10,000 తయారయ్యాయి. మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

బీ2, అంటే టైప్ 3 మార్క్ 2. బ్రిటన్ 1940లో ఏర్పాటు చేసిన రహస్య సంస్థ ఎస్‌ఓఈ కోసం జాన్ బ్రౌన్ రూపొందించిన సూట్‌కేసు సెట్టు. ఎంసీఆర్-1 కూడా ఆయన పనే. బీ2 పంపే శక్తి 20 వాట్ల దాకా, సుమారు 3 నుంచి 16 మెగాహెర్ట్జ్ వరకు. అన్నీ కలిపి 15 కిలోల దగ్గర తూగుతుంది. పూర్తి సెట్టు, అసలు సూట్‌కేసుతో సహా అంటే వేల పౌండ్ల మాట.

పారాసెట్. బ్రిటన్‌లోని వాడన్ హాల్ కేంద్రంగా బ్రిటిష్ గూఢచార సంస్థ ఎంఐ6 రేడియో విభాగం చేయించినది. మూడే వాల్వులు (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన వాక్యూమ్ ట్యూబులు): ట్రాన్స్‌మిటర్‌కు 6వీ6, రిసీవర్‌కు రెండు 6ఎస్‌కే7లు. శక్తి నాలుగైదు వాట్లు. అసలువి చాలా తక్కువ, నకళ్లు చాలా ఎక్కువ.

అమెరికా యుద్ధకాలపు గూఢచార సంస్థ ఓఎస్‌ఎస్ వాడిన ఎస్‌ఎస్‌టీఆర్-1, ఇంగ్లండ్‌లో పోలిష్ ఇంజినీర్లు చేసిన ఏపీ సెట్లు, జర్మన్ సైనిక గూఢచార విభాగం అబ్వేర్ సెట్లు, సోవియట్ సెవెర్ కూడా ఉన్నాయి. ఇవి రెండో మెట్టు. అనుభవం వచ్చాక చూడండి.

బడ్జెట్ లేదంటే పారాసెట్ నకలు మీరే కట్టుకోండి. దాని మూడు వాల్వులూ ఇప్పటికీ దొరుకుతాయి, సర్క్యూట్ చిన్నది. అలా ఒకటి కట్టిన మనిషికి అసలు సెట్టును చూసినప్పుడు ఏది ఎక్కడ ఉండాలో చేతికి తెలిసిపోతుంది.

2. చట్టం సంగతి డబ్బు కట్టకముందే

ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని దాటేయకండి. ట్రాన్స్‌మిటర్‌ను గాల్లోకి ఎక్కించకపోయినా, షోకేసులో పెట్టుకోవడానికైనా అనుమతి ప్రశ్న వస్తుంది. వైర్‌లెస్ పరికరం లైసెన్సు లేకుండా కలిగి ఉండకూడదని 1933 చట్టం చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరం కలిగి ఉండటానికి అధికార అనుమతి కావాలనే అంటోంది. "ఎనభై ఏళ్ల పాత సామాను కదా" అన్న వాదన కస్టమ్స్ కౌంటర్ దగ్గర నిలబడదు.

అందుకే వరస ఇది: ముందు అమెచ్యూర్ రేడియో పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ దగ్గర దీనికి దారి చూపుతారు. తర్వాత, మీరు తేబోయే సెట్టు వివరాలు, ఫోటోలతో వైర్‌లెస్ అధికారులనూ కస్టమ్స్ ఏజెంటునూ రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చాకే అమ్మకందారుకు డబ్బు పంపండి. రిసీవర్‌కైతే ఇంత చిక్కు ఉండదు, అయినా అడిగే తెచ్చుకోండి.

బ్రిటన్, అమెరికాల్లో ఉన్నవాళ్లకు ఇంట్లో ఉంచుకోవడం పెద్ద సమస్య కాదు. ప్రసారం చేయడానికి మాత్రం అక్కడా లైసెన్సు కావాల్సిందే.

3. కొనే ముందు అసలువి కళ్లతో చూడండి

ఫోటోలు వెయ్యి చూసినా ఒక్కసారి ఎదురుగా నిలబడి చూడటం వేరు. లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం, ఇంగ్లండ్‌లో ఎస్‌ఓఈ శిక్షణ జరిగిన బ్యూలీలోని ప్రదర్శన, ఓస్లోలో అకెర్స్‌హస్ కోటలోని నార్వే ప్రతిఘటన మ్యూజియం, ఇలాంటి చోట్లకు వెళ్లగలిగితే వెళ్లండి. జర్మనీలో ఫ్రీడ్రిష్‌హాఫెన్ హామ్ మేళా, అమెరికాలో డేటన్ హామ్‌వెన్షన్ దగ్గర పాత మిలిటరీ సెట్లు చేత్తో ముట్టుకుని చూసే వీలుంటుంది. బ్రిటన్‌లోని పాత, మిలిటరీ రేడియోల ఔత్సాహికుల సంఘం విమార్స్ సభ్యులు వీటి మీదే పనిచేస్తారు, అడిగితే ఓపిగ్గా చెబుతారు.

హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో స్పై సెట్టు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. పాత హెడ్‌ఫోన్లు, మోర్స్ కీలు, వాల్వులు కనిపిస్తే మాత్రం వదలకండి, నకలు కట్టేటప్పుడు పనికొస్తాయి.

4. అమ్మే మనిషిని ఈ ఫోటోలు అడగండి

ముందు ప్యానెల్ నేరుగా, పక్కవాటంగా. ఛాసిస్ (భాగాలన్నీ బిగించిన లోహపు పలక) పైభాగం వాల్వులతో. ఛాసిస్ అడుగుభాగం మొత్తం, తర్వాత దగ్గరగా మూలమూలా. సీరియల్ నంబర్ ప్లేటు. వెనకవైపు సాకెట్లు. పెట్టె లోపలి మూలలు, తాళాలు, కీళ్లు. స్పేర్ డబ్బా తెరిచి.

అడుగుభాగం ఫోటో ఇవ్వనన్న మనిషి దగ్గర కొనకండి. ధర ఎంత తక్కువైనా సరే. సెట్టు గురించిన నిజం అంతా అడుగునే ఉంటుంది.

5. అసలుదేనా? ఒక్కొక్కటిగా పరీక్షించండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. ఒక సాయంత్రం మొత్తం పట్టినా పర్వాలేదు.

*వాల్వు బేసులు.* బీ2 రిసీవర్‌లో 7క్యూ7, 7ఆర్7 అనే లోక్టల్ (సాకెట్‌లో తాళంలా బిగుసుకునే) వాల్వులుంటాయి, ట్రాన్స్‌మిటర్‌లో ఈఎల్32, 6ఎల్6. ఎంసీఆర్-1లో ఏడు పిన్నుల చిన్న వాల్వులు, 1టీ4లు, 1ఆర్5. తొమ్మిది పిన్నుల నోవల్ బేసు కనిపించిందంటే ఆ సెట్టు యుద్ధం తర్వాతదే, లేదా తర్వాత ఎవరో మార్చారు. ప్రింటెడ్ సర్క్యూట్ బోర్డు కనిపిస్తే ఇక పరీక్షే అక్కర్లేదు. సీఐఏ ఆర్‌ఎస్-1, ఆర్‌ఎస్-6, బ్రిటిష్ మార్క్ 123, సోవియట్ ఆర్-353, ఇవన్నీ ప్రచ్ఛన్న యుద్ధం నాటివి. మంచి సెట్లే, సేకరించదగ్గవే. కానీ వీటిని "రెండో ప్రపంచ యుద్ధపు స్పై రేడియో" అని అమ్మేవాళ్లు చాలామంది.

*స్క్రూలు.* బ్రిటిష్ సెట్టులో బీఏ మరలు, నిలువు గాడి తలలు ఉండాలి. మెట్రిక్ మర పడితే ఆ భాగం కొత్తది. గాడులు చెదిరి ఉన్నాయంటే చాలాసార్లు విప్పారని అర్థం.

*రెసిస్టర్లు.* ఆనాటి బ్రిటిష్ సెట్లలో విలువను ఒంటి రంగు, కొస రంగు, మధ్యలో చుక్క పద్ధతిలో చదవాలి. వరసగా పట్టీలున్నవి చాలామటుకు తర్వాత వేసినవి. అమెరికన్ సెట్లకు ఈ లెక్క వర్తించదు.

*కండెన్సర్ల మీది తేదీలు.* చాలావాటి మీద నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. అన్నీ ఒకటి రెండేళ్ల తేడాలో ఉంటే మంచి గుర్తు. ఒకటి రెండు 1950ల నాటివైతే అది మరమ్మతు, మోసం కాదు.

*చిల్లులు.* యుద్ధం ముగిశాక బీ2లు సర్‌ప్లస్‌గా అమ్ముడై హామ్‌ల చేతికి వెళ్లాయి. వాళ్లు వాడుకోవడానికి కొన్న సామాను, కాబట్టి తమ అవసరానికి మార్చుకున్నారు: యాంటెన్నాకు కోయాక్సియల్ సాకెట్, అదనపు స్విచ్చి, మీటర్ కోసం గుండ్రటి కోత. ప్యానెల్ మీద చిల్లు పూడ్చి రంగు వేసినా, భూతద్దంతో వెనకవైపు నుంచి చూస్తే అంచు దొరికిపోతుంది.

*పెట్టె.* ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. బీ2ను సూట్‌కేసులోనే కాక నీరు చొరని లోహపు పెట్టెల్లో కూడా పంపేవారు. సూట్‌కేసు లేని సెట్లకు తర్వాత ఎవరెవరో పాత తోలు పెట్టెలు జతచేశారు. లోపల అరలు సెట్టు కొలతకు సరిగ్గా కుదిరాయా, చెక్కమీద మేకుల తుప్పు, బట్ట మీద ఒరుసుకున్న గుర్తులు సెట్టు అంచులతో కలుస్తున్నాయా చూడండి. ఎనభై ఏళ్లు ఒకే చోట కూర్చున్న యూనిట్ దాని కింద గుర్తు వదిలి తీరుతుంది. ఎంసీఆర్-1కు తగిలించే బిస్కెట్ డబ్బాలకూ ఇదే పరీక్ష.

*భాగాల లెక్క.* ఎంసీఆర్-1కు కాయిల్ యూనిట్లు నాలుగు. వాటిలో ఒకటి తగిలించకపోతే రిసీవర్ ఏమీ వినిపించదు. ఒకటో రెండో ఉన్న సెట్టు కొని మిగతావి తర్వాత చూసుకుందాం అనుకోకండి, విడిగా దొరకడం చాలా కష్టం. బీ2 ట్రాన్స్‌మిటర్ కాయిళ్లు కూడా నాలుగే. రిసీవర్, ట్రాన్స్‌మిటర్, పవర్ యూనిట్, స్పేర్ డబ్బా, నాలుగూ ఉన్నాయా? సీరియల్ నంబర్లు కలవకపోవడం ఒక్కటే లోపంగా తీసుకోనక్కర్లేదు.

*మరీ కొత్తగా మెరిసే పారాసెట్.* నకలు అనుకునే చూడడం మొదలుపెట్టండి. అసలుదని నిరూపించాల్సిన బాధ్యత అమ్మేవాళ్లది.

6. కథకు కాగితం అడగండి

"ఫ్రాన్స్‌లో ఫలానా ఏజెంటు వాడిన సెట్టు" అన్న మాటకు ధర రెట్టింపవుతుంది. ఏజెంట్ల చేతిలోకి వెళ్లిన సెట్లు చాలావరకు పట్టుబడ్డాయి, పాతిపెట్టబడ్డాయి, ధ్వంసమయ్యాయి. ఇప్పుడు చేతులు మారేవాటిలో ఎక్కువ భాగం డిపోల్లో మిగిలిపోయి సర్‌ప్లస్‌గా బయటికొచ్చినవే. అందులో తక్కువతనం ఏమీ లేదు.

నూర్ ఇనాయత్ ఖాన్ పేరు ఈ అమ్మకాల్లో తరచూ వాడుకుంటారు. ఆమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ హైదరాబాద్ నిజాం కొలువులో పాడిన విద్వాంసుడు, సూఫీ దీక్ష కూడా హైదరాబాద్‌లోనే తీసుకున్నారు. కనుక మనవాళ్ల మనసు ఆ పేరు దగ్గర కరుగుతుంది. 1943 జూన్‌లో ఆమె ఎస్‌ఓఈ రేడియో ఆపరేటర్‌గా ఫ్రాన్స్‌లో దిగారు, అక్టోబర్‌లో పట్టుబడ్డారు. సెట్టు, రాతలు జర్మన్ల చేతికి చిక్కాయి, ఆమె పేరుతోనే వాళ్లు లండన్‌కు సందేశాలు పంపారు. 1944 సెప్టెంబర్ 13న డాఖౌలో ఆమెను చంపేశారు. అలాంటి మనిషి పేరును కాగితం ముక్క కూడా లేకుండా ధర పెంచడానికి వాడుకునేవాళ్లతో బేరమే వద్దు. "ఆమె వాడిన రకం" అనడం వేరు, "ఆమె వాడినది" అనడం వేరు.

నమ్మదగిన కాగితాలంటే: ఆనాటి కుటుంబం సంతకం చేసిన ఉత్తరం, పాత ఫోటోలో అదే సెట్టు, మ్యూజియం విడుదల పత్రం, వరసగా యజమానుల రసీదులు. ఇవి ఉంటే అసలు ప్రతులు మీకే ఇవ్వాలని షరతు పెట్టండి.

7. రవాణా

సెట్టును దాని సూట్‌కేసులోనే పెట్టి పార్సిల్ చేయనివ్వకండి. పవర్ యూనిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ బరువుకు దారిలో పాత చెక్క, తోలు విడిపోతాయి. యూనిట్లు వేరు, పెట్టె వేరు. వాల్వులు తీసి ఒక్కోటి విడిగా చుట్టి, ఏ సాకెట్‌దో రాయాలి. లోక్టల్ వాల్వును మెలితిప్పకూడదు. కొద్దిగా ఒక పక్కకు వంచితే తాళం వదులుతుంది, అప్పుడు నేరుగా పైకి లాగాలి. పిన్నులు గాజులోంచే వస్తాయి కాబట్టి బలం పెడితే అడుగు పగులుతుంది. అమ్మేవాళ్లకు ఇది తెలియకపోతే వాల్వులు సాకెట్లలోనే ఉంచి చుట్టూ స్పాంజి పెట్టమనండి.

8. ఇంటికొచ్చిన రోజు ఫోటోలు మాత్రమే

తుడవకండి, పాలిష్ పెట్టకండి, తుప్పు స్ప్రే కొట్టకండి. పార్సిల్ విప్పుతూనే ఫోటోలు తీయండి, స్విచ్చిలు, నాబ్‌లు ఏ స్థానంలో ఉన్నాయో రాసుకోండి. దుమ్ము మెత్తటి బ్రష్షుతో చాలు. చీకట్లో వెలిగేలా పచ్చటి రంగు పూసిన ముళ్లు, అంకెలు ఉంటే వాటిని గీకొద్దు, మీటర్ అద్దం తెరవొద్దు. ఆ కాలపు వెలుగు రంగుల్లో రేడియం వాడేవారు.

9. కరెంటు ఇచ్చే ముందు

"ఒక్క నిమిషం పెట్టి చూద్దాం" అనుకుని నేరుగా ప్లగ్గు పెట్టడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. ఆ ఒక్క నిమిషంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే మళ్లీ దొరకదు.

మొదట వోల్టేజి సెలెక్టర్ చూడండి. ఐరోపాలో ఊరికో కరెంటు ఉండేది, అందుకే బీ2 పవర్ యూనిట్ 110 ప్రాంతం నుంచి 250 దాకా మార్చుకునేలా చేశారు. సెలెక్టర్ 110 దగ్గర ఉండి మీరు మన 230లో పెడితే అంతే సంగతులు.

తర్వాత తీగలు. రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలుతుంటే వంచకండి, పైన స్లీవ్ ఎక్కించండి. కాగితం కండెన్సర్లు ఎనభై ఏళ్లకు దాదాపు అన్నీ లీకవుతాయి. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి "బాగానే ఉంది" అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఆ మీటర్ ఇచ్చేది ఒకటి రెండు వోల్టులే. ఒక కాలు విడదీసి 250 వోల్టుల మెగ్గర్‌తో చూస్తేనే లీకు బయటపడుతుంది. మార్చాల్సి వస్తే పాతదాన్ని పారేయకండి: గొట్టాన్ని మెల్లగా వేడిచేసి లోపలి చుట్ట తీసి, కొత్త చిన్న కండెన్సర్‌ను అందులో పెట్టి మైనంతో మూయండి. బయటికి పాతదే కనిపిస్తుంది.

ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లను విడిగా, పెద్ద రెసిస్టర్ గుండా తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి గంటల తరబడి తిరిగి అలవాటు చేయించాలి. సెట్టులోనే ఉంచి వేరియాక్‌తో (వోల్టేజి పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) పెంచుకుంటూ పోవడం, ఏసీని డీసీ చేసే వాల్వు రెక్టిఫయర్ ఉన్నచోట అంతగా పనిచేయదు. సప్లై బాగా పెరిగేదాకా రెక్టిఫయర్ ఏమీ ఇవ్వదు, ఇచ్చేటప్పటికి ఒక్కసారిగా ఇస్తుంది.

10. మొదటిసారి కరెంటు

హెచ్చరిక: బీ2 ట్రాన్స్‌మిటర్ సప్లై సుమారు 500 వోల్టులు. ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో నిలిచి ఉంటుంది. రెసిస్టర్‌తో డిశ్చార్జి చేసి, మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఒంటరిగా ఉన్నప్పుడు ఈ పని చేయకండి. వాల్వు సెట్ల మీద అనుభవం లేకపోతే ఉన్న మనిషిని పక్కన పెట్టుకోండి.

పవర్ యూనిట్‌ను మిగతా సెట్టు నుంచి విడదీసి, వాల్వులు తీసి, సిరీస్ బోర్డులో 40 వాట్ల బల్బుతో పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపండి. బాగుంటే రెక్టిఫయర్ పెట్టి మళ్లీ, తర్వాత రిసీవర్ కలిపి 60తో, 100తో మళ్లీ. ట్రాన్స్‌మిటర్ ఆఖరున. ప్రతి మెట్టులో అరగంట ఉంచి ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించి చూడండి (ప్లగ్గు తీసి). వెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు.

ఎంసీఆర్-1కు ఇంత తతంగం లేదు. 90 వోల్టులకు పది 9 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో, ఫిలమెంట్లకు ఐదు 1.5 వోల్టుల సెల్స్ చాలు. తీగలు తారుమారు చేస్తే మాత్రం ఐదు వాల్వులూ ఒకేసారి పోతాయి. కలిపే ముందు ఫిలమెంటు తీగల దగ్గర మీటర్ పెట్టి 7.5 వోల్టులే ఉందని చూసుకోండి. 90 కూడా షాకు కొడుతుంది.

11. నిజంగా పనిచేస్తోందా?

హెడ్‌ఫోన్లో గరగర వినిపిస్తే రిసీవర్ బాగున్నట్టు కాదు. రాత్రిపూట పది మీటర్ల తీగ కట్టి 7.0-7.2 మెగాహెర్ట్జ్ మధ్య తిప్పండి, మోర్స్ స్పష్టమైన కూతలా వినబడాలి. 10 మెగాహెర్ట్జ్ దగ్గర చైనా బీపీఎం సమయ సంకేతం, అమెరికాలో ఉంటే డబ్ల్యూడబ్ల్యూవీ దొరకాలి. వాటి స్థానంతో డయల్ పోల్చి ఎంత తప్పుతోందో రాసుకోండి. గంట తర్వాత అదే స్టేషన్ ఎంత జరిగిందో చూడండి.

ట్రాన్స్‌మిటర్‌ను ఎప్పుడూ డమ్మీ లోడ్ (యాంటెన్నాకు బదులు శక్తిని వేడిగా మార్చే రెసిస్టర్) లేకుండా నొక్కకండి. ఇది కూడా లైసెన్సు చేతిలో ఉన్నాకే. ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్ అమెచ్యూర్ బ్యాండ్‌లోది, మీరు కొన్నది వేసుకోండి. సెట్టుతో వచ్చిన అసలు క్రిస్టల్ మీద రాసిన ఫ్రీక్వెన్సీ మీది కాదు. దాన్ని దాని డబ్బాలోనే ఉంచండి. పక్కన మామూలు రిసీవర్ పెట్టి వినండి: కీ నొక్కగానే స్వరం జారుతుంటే సప్లై బలహీనం, హమ్ కలిసి వస్తుంటే ఫిల్టర్ కండెన్సర్ పనైపోయింది.

12. దాచడం, రాసిపెట్టడం

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో తేమే పెద్ద శత్రువు. తోలు పెట్టెకు బూజు, చెక్కకు చెదలు. గోడకు ఆనించకుండా, నేలమీద పెట్టకుండా, సిలికాజెల్ సంచులతో గాజు అలమరాలో ఉంచండి. నెలకోసారి సంచులు ఆరబెట్టండి. ఏడాదికి రెండుసార్లైనా సిరీస్ బోర్డు మీద కాసేపు నడపండి.

తీసిన ప్రతి భాగాన్నీ చిన్న కవరులో వేసి, ఎక్కడిదో, ఎప్పుడు తీశారో రాసి సెట్టుతోనే ఉంచండి. పగిలిన వాల్వైనా సరే. మార్పులన్నీ నోటుబుక్కులో, ఫోటోలతో. నకలు కట్టినవాళ్లయితే ఛాసిస్ లోపలివైపు "నకలు" అనీ, కట్టిన సంవత్సరమూ చెరగకుండా చెక్కించండి. స్టిక్కర్ అంటించి ఊరుకోవద్దు, అది ఊడిపోతుంది.